రెండో మార్పు పెద్దమ్మది

మార్గశిర శుద్ధ విదియ

పందెంలో నిలబడేవాళ్లు రోజూ నాలుగు ముక్కలు రాయాలట. సాక్షి పెట్టిన నియమం. ఎవరూ చదవరట కూడా. ఎవరూ చదవని దానికి రాయడం దేనికో, అడిగితే చెప్పే నాథుడు లేడు. సాక్షి అంటే గుమ్మడికాయంత యంత్రం. అడవి మీద గాల్లో నిలబడి, రంగు ఎవరికి తగిలిందో చూసి పేరు పిలుస్తుంది. ఎందుకు, ఏమిటి అంటే మాత్రం నోరు విప్పదు. సరే, రాస్తున్నాను.

పొద్దున్నే రంగు గుళ్లు పేల్చే నా మార్కర్ విప్పి గోనెపట్టా మీద పరిచాను. గొట్టం, గుళ్ల తొట్టి, గాలి సీసా, మీట. పెద్దమ్మ ఇంకా దీన్ని తుపాకి అనే అంటుంది. సాక్షులొచ్చి నిజం తుపాకులన్నీ కరిగించేసిన నాటికి ఆవిడ చిన్నపిల్ల, అయినా ఆ మాట నోట్లోంచి పోలేదు. నా కూతురు వల్లి పాత రంగు గుళ్లు నేలకేసి పగలగొడుతూ పక్కనే కూర్చుంది. చేతులు, మొహం, గౌను, అంతా పసుపు. కడగబోతే అమ్మమ్మే కడగాలంది. వల్లికి అమ్మమ్మ అంటే మా పెద్దమ్మే. నా చిన్నప్పుడు మా అమ్మానాన్నల్నీ, పెళ్లయ్యాక వల్లి నాన్ననీ సముద్రం మింగేశాక మాకు మిగిలిన దిక్కు ఆవిడ.

పందెం మా లంకపేటకీ వాగు అవతల ఇనుపకొండకీ. అడవి మధ్య బండ మీద జెండా ఉంటుంది. దాన్ని తమ అంచుకి తెచ్చుకున్న ఊరికి ఏడాది పాటు వాగు తూము దక్కుతుంది. అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. గెలిచినా ఓడినా, ఒంటి మీద రంగు పడ్డవాళ్లు ఏడాది పాటు అవతలి ఊళ్లో చాకిరీ చెయ్యాలి. పిల్లల్ని తీసుకెళ్లకూడదు. నిలబడనంటే ఆ ఇంటికి నీళ్లే లేవు.

నేను ఒకసారి వెళ్లొచ్చాను. వల్లికి అప్పటికింకా పాలు మాన్పించలేదు. మంచి అదునులో నా తొట్టిలో గుళ్లు ఇరుక్కుని మార్కర్ మొరాయించింది. నేను దాన్ని తడుతూ కూర్చున్నంతలో భుజం మీద ఊదా రంగు పడింది. ఏడాది తరవాత తిరిగొస్తే వల్లి నన్ను చూసి పెద్దమ్మ కుచ్చిళ్ల వెనక దాక్కుంది. చెయ్యి చాస్తే కెవ్వుమంది. నన్ను అమ్మా అని పిలవడం మొన్న మొన్ననే మొదలుపెట్టింది.

ఈసారి నా మీద రంగు పడకూడదు. తూము ఎవరికి దక్కినా అది తరవాతి సంగతి. పెద్దమ్మ వింటే తిడుతుంది, ఆవిడ మా జట్టు నాయకురాలు. ఎవరూ చదవరన్నారుగా, అందుకే రాశాను.

శుద్ధ చవితి

విడిభాగాల బండి వచ్చింది. ఒక్కో మార్కర్‌కి ఏడాదికి రెండే మార్పులు. మా పేటలో ఒక పద్ధతి ఉంది. మొదటి మార్పు ఆడేవాళ్ల ఇష్టం, రెండోది ఇంటి పెద్దది. కుర్రకారు సోకులకి పోయి పనికిమాలినవన్నీ బిగించుకుంటారని మొదట్లో పెట్టారట. పెద్దచేతి మార్పుకి ఎదురుచెప్పడం మా దగ్గర వాళ్ల మీద ఎంగిలి చెయ్యి విదిలించినంత తప్పు.

నా మొదటి మార్పు గొట్టం. బండివాడు నాకు బారెడు పొడుగుది అంటగట్టాలని చూశాడు. దూరం పోతుందట, గురి కుదురుతుందట. మైదానంలో ఆడేవాళ్లకి చెప్పు నాయనా అన్నాను. మా అడవిలో అడుగడుక్కీ తీగలు, వెదురు. పొడుగు గొట్టంతో పక్కకి తిరిగితే కొమ్మకి కొట్టుకుని ఊరంతా వినిపిస్తుంది. మూరకి కొంచెం తక్కువగా, కొసన సన్నటి బెజ్జాలున్నది తీసుకున్నాను. ఆ బెజ్జాల్లోంచి గాలి మెల్లగా జారిపోయి పేలుడు చప్పుడు సగానికి సగం తగ్గుతుంది.

తీసుకునే ముందు గుండు వేసి చూశాను. చలికాలం తేమకి మా గుళ్లు ఒకింత ఉబ్బుతాయి. గొట్టంలో వేస్తే గుండు జారిపోకుండా నిలవాలి, నోటితో ఊదితే తటాలున బయటికి రావాలి. బండివాడు ముందిచ్చినవాటిలో గుండు జారిపడింది. విసుక్కుంటూ ఇంకోటి తీశాడు. అది కుదిరింది.

నా ఆటే చప్పుడు లేని ఆట. నేలమీద పాకుతాను, పొద పక్కన పొదలా ఉంటాను. ఒక్క గుండు వేస్తే చాలదా, అదునుగా పడితే. ఇంక పెద్దమ్మ పొట్టి తొట్టి ఇప్పిస్తే చాలు. అది మార్కర్ మీద నెత్తిమూటలా లేవకుండా పక్కకి ఒదిగి ఉంటుంది, పొద మీంచి కనపడదు. అంతకుమించి నేను కోరేదేమీ లేదు.

శుద్ధ షష్ఠి

పెద్దమ్మ పొట్టి తొట్టి తేలేదు. మర తొట్టి తెచ్చింది.

లోపల చిన్న మోటారు ఉంటుంది. ఒకసారి తిప్పితే తొట్టిలో గుళ్లు ఉన్నంతసేపూ ఆగదు, మీట నొక్కినా నొక్కకపోయినా వాటిని కలియతిప్పుతూ గొట్టంలోకి తోస్తూనే ఉంటుంది. ఇరుక్కోవడం అన్న మాటే ఉండదు. కానీ గరగరమంటుంది. పిండిమరలో పప్పు పోసినట్టు. నేను బెజ్జాల గొట్టం కొనుక్కున్నదెందుకు, ఈవిడ దాని నెత్తిన గరగర పెట్టడమెందుకు? ఒళ్లు మండిపోయింది. పద్ధతీ పాడూ పక్కన పెట్టి అడిగేశాను.

ఆవిడ కోప్పడలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. పోయినసారి నీ కొంప ముంచింది గుండు ఇరుక్కోవడమే కదే అంది. మార్గశిరం మంచులో పొద్దెక్కే దాకా మనిషికి మనిషి కనపడడు, గురి ఎవడికి కావాలి, గుళ్లు ఆగకుండా రావడం కావాలి గానీ అంది. ఆ చప్పుడు నీ చెవి పక్కన కాబట్టి నీకు అంతనిపిస్తోంది, పది బారల అవతల పురుగు కూతంత కూడా ఉండదంది. మళ్లీ నిన్ను ఒడ్డు దాటించి ఈ పిల్లని ఏడిపించే ఓపిక నాకు లేదే అంది. ఆ మాటతో తొట్టి అందుకుని బిగించుకున్నాను.

నా భయం ఆవిడకి తెలుసు. ఎక్కడ నొక్కితే మెత్తబడతానో తెలుసు. పెంచిన మనిషి కదా.

శుద్ధ సప్తమి

అయినా నాకు మనసు ఆగలేదు. మార్కర్‌కి సాక్షి ముద్ర వేయించే ముందు ఒక్కసారి దూరం నుంచి విని చూద్దామన్నాను. పెద్దమ్మ సరేనంది. ఆవిడ కొడుకు పోతురాజుని వెదురుపొద అవతలికి పంపింది. పోతురాజు నాకంటే చిన్నవాడు. వాడికి నడక నేర్పింది నేను, మార్కర్ పట్టడం నేర్పింది నేను. నేను పొలం ఈ చివర నిలబడి మోటారు తిప్పాను. గరగర. వాడు కాసేపు అక్కడే నిలబడి, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు.

వినపడలేదక్కా అన్నాడు. నా మొహంలోకి చూసే అన్నాడు.

నువ్వు తిప్పు, నేనెళ్లి వింటాను అన్నాను. అప్పటికే సాక్షి ముద్రకి దిగిందని, ఆలస్యమైతే మార్పులు లేకుండానే ఆడాల్సొస్తుందని పెద్దమ్మ తొందరపెట్టింది. తమ్ముడు విన్నాక నేను వినేదేముందిలే అనుకున్నాను. ముద్ర పడిపోయింది. ఇక పందెం అయ్యేదాకా మార్కర్ మీద మేకు కూడా తియ్యడానికి లేదు.

పడుకునే ముందు వల్లి తొట్టి గరగర విని పిల్లి గురక పెడుతోందంది. నవ్వొచ్చింది.

శుద్ధ త్రయోదశి

పెద్దమ్మ వాకిట్లో బూడిద పోసి ఆట గీసింది. ఐదుగురం. నలుగురు కుడివైపు, నేను ఎడమవైపు వాగులోయలోంచి ఒక్కదాన్నే. చప్పుడు లేకుండా పోవడం నీకే చేతనవును, అందుకే నిన్నొక్కదాన్నే పంపుతున్నానంది. అందరి ముందూ అంది. ఉబ్బిపోయాను. పొగిడితే పొంగని వాళ్లెవరు?

పోతురాజు అన్నం సగంలో లేచిపోయాడు. వాడి కొత్త చేతి తొడుగులు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. చలికి వేళ్లు బిగుసుకుంటాయక్కా, నువ్వు వేసుకో అన్నాడు. నా తమ్ముడు ఎంత పెద్దవాడయ్యాడో అనుకుని మురిసిపోయాను. సిగ్గులేని మురిపెం.

పౌర్ణమి

రంగు పడింది. నా మీదే.

మంచు దుప్పటిలా ఉంది. లోయలోకి దిగి నాలుగు మలుపులైనా తిరగలేదు, ఎదురుగా ముగ్గురు. ఒకడు పైన, ఇద్దరు అటూ ఇటూ. వెతుకుతూ వచ్చినవాళ్లలా లేరు. నేను ఎక్కడున్నానో తెలిసి, నేరుగా వచ్చి, చుట్టూ నిలబడ్డారు. నేను రాయి వెనకాల ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నా చేతిలో తొట్టి మాత్రం ఊపిరి బిగబట్టదు. గరగర. గరగర. దాన్ని గుండెలకి అదుముకున్నాను, ఆగలేదు. లేచి గుళ్లు కురిపించాను, ఒక్కటీ తగల్లేదు. పక్క నుంచి డొక్కలో చురుక్కుమంది. పైన సాక్షి నా పేరు పిలిచింది. లంకపేట నాంచారి, రంగు పడింది.

రంగు వేసిన మనిషే పడ్డవాళ్లని అడవి అంచు దాకా దించి రావాలి. నన్ను కొట్టినాయన పేరు గురవయ్య, ఇనుపకొండ మనిషి. పెద్దవయసు. చెయ్యిచ్చి లేపాడు. కొంత దూరం నడిచాక ఉండబట్టలేక అడిగాడు.

“ఏమ్మా, అంత సప్పుడు పెట్టుకోని ఎవురన్నా అడివిలోకి వస్తారా?”

ఎంత దూరం నుంచి వినపడిందని అడిగాను.

“వాగు అవతలి గట్టుకే వినపడె. మీవోళ్లందరూ ఈ పక్కే వస్తాండారనుకోని మేం ముగ్గురం ఇటే ఉరికితిమి.”

వాగు అవతలి గట్టు. మా వెదురుపొద అందులో సగం దూరం కూడా ఉండదు.

అంచు దగ్గరికి చేరకముందే కొమ్ము మోగింది. జెండా పోతురాజు చేతిలో ఉందని సాక్షి చాటింది. కుడివైపు వాళ్లకి ఎదురే లేకపోయింది. ముగ్గురూ నా మీదకొచ్చారు, అందులో ఒకాయన నన్ను దించడానికి అంచుకి నడుస్తున్నాడు. జెండా వైపు వాళ్లకి మిగిలింది ఇద్దరే. గురవయ్య తలపట్టుకున్నాడు. మమ్మల్ని భలే పిచ్చోళ్లను చేసిరి అన్నాడు. తరవాత నా మొహం చూసి ఆగిపోయాడు. నీకూ తెల్దా అని మెల్లగా అడిగాడు.

తెలీదు. తడిగుడ్డతో గొంతు కోశారు. నేను గొంతు చాచి కూర్చున్నాను, పైగా తొడుగులిచ్చాడని మురిసిపోయాను.

పేటలో డప్పులు వినపడుతున్నాయి. నేను రంగు పడ్డవాళ్ల పాకలో కూర్చుని ఇది రాస్తున్నాను. మావాళ్లలో పడింది నేనొక్కదాన్నే. గురవయ్య వెళ్లలేక కాసేపు గుమ్మంలోనే తచ్చాడి, చంటిబిడ్డ ఉందా అని అడిగాడు. నాలుగేళ్లదుందని చెప్పాను. చాకిరీకొస్తే బిడ్డను రానియ్యరు గానీ, ఒడ్డు మార్చుకుంటే తెచ్చుకోవచ్చు కదమ్మా అన్నాడు.

ఆ నియమం నాకూ తెలుసు. సాక్షి ముందు నేను అవతలి ఊరిదాన్నని చెబితే చాలు, పిల్లతో సహా వాళ్ల మనిషినైపోతాను. ఇక తిరిగి రావడం ఉండదు. వచ్చే పందెంలో వాళ్ల వైపు నిలబడాలి. లంకపేటలో ఆ పని చేసినవాళ్లు లేరు. చేస్తే చచ్చినట్టే లెక్క. తలంటు పోసుకుని పేరు తలవడం మానేస్తారు.

బహుళ పాడ్యమి

పొద్దున్న వంతెన దగ్గరికి పేటంతా వచ్చింది. మెడలో బంతిపూల దండతో పోతురాజు వెనక్కి వెనక్కి నక్కాడు. నేనే పిలిచాను. ఆ రోజు వినపడిందా లేదా అని అడిగాను. తిట్టలేదు, అరవలేదు. వాడు దండ పీకి చేత్తో నలుపుతూ, వినపడిందక్కా అన్నాడు. అంతే.

పెద్దమ్మ వల్లిని చంకనేసుకుని వచ్చింది. కళ్లలో తడి ఉంది. నిజం తడే. అదే నాకు ఇంకా మంటెక్కించింది.

“తెలిసే చేశావా పెద్దమ్మా?”

“తెలిసే చేశానే. దాచేదేముంది. మనకి మనుషులు చాలరు, ఎవరో ఒకరు వాళ్లని లాగాలి. వాడు పడితే అక్కడ ఏడాది బతకడే. నువ్వు ఒకసారి వెళ్లొచ్చావు, నీకు ఓపికుంది.”

“నాకు పిల్లుంది.”

“పిల్లని నేను చూడనా? నిన్ను చూడలా నేను?”

చూసింది. అది అబద్ధం కాదు. చిన్నప్పుడు అమ్మానాన్నలు పోయి కట్టుబట్టలతో కొండెక్కి వచ్చినప్పుడు తన ముద్ద నాకు పెట్టింది. జ్వరాలకి రాత్రుళ్లు కూర్చుంది. మార్కర్ తుడవడం దగ్గర్నుంచి జడ వేసుకోవడం దాకా అన్నీ ఆవిడ చేతి చలవే. అందుకే కదా, రెండో మార్పు అని ఏది తెచ్చి పెడితే అది బిగించుకున్నాను. ఊరివాళ్లు చేస్తే ద్రోహం అని ఊరుకుందును. ఇంత చేసిన మనిషి, నా మెడలో గంట కట్టి పులి దారిన తోలింది. ముందే చెప్పి ఉంటే? ఒసే, వాడి బదులు నువ్వు పోవే అని నోరు తెరిచి అడిగి ఉంటే? ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, చివరికి వెళ్లేదాన్నేమో కూడా. అడగలేదు. నన్ను అడగక్కర్లేదనుకుంది. నాకు కడుపు రగిలేది అక్కడ.

సాక్షి కిందికి దిగి నా పేరు పిలిచింది. చాకిరీ ఏడాదికి ఒప్పుకున్నట్టు చెప్పమంది.

“నేను ఒడ్డు మార్చుకుంటున్నాను. నేనూ, నా కూతురూ ఇనుపకొండ మనుషులం” అన్నాను.

డప్పు కొడుతున్నవాళ్లు ఆగిపోయారు. పెద్దమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వల్లిని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

“వచ్చే ఏడు వాడి మీదే తుపాకి ఎత్తుతావుటే?”

“ఎత్తుతా. పిల్లనివ్వు.”

ఇవ్వలేదు. సాక్షి రెండోసారి చెప్పాక గానీ చేతులు వదల్లేదు. వల్లి మాత్రం వదల్లేదు. అమ్మమ్మ జాకెట్టు చింపేంత గట్టిగా పట్టుకుంది. ఒక్కో వేలూ విడదీసి లాక్కోవాల్సి వచ్చింది. పిల్ల ఏడుపుకి ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వంతెన పొడుగునా నా మెడ రక్కుతూనే ఉంది. నేను ఒక్కసారి కూడా ఆగలేదు.

బహుళ తదియ

గురవయ్య వాళ్ల ఇంటి వెనక పాక మాకిచ్చారు. ఆయన భార్య చెంచమ్మ మంచిదే. గొంగడి, కుండ, ఒక బొచ్చె ఇచ్చింది. మాటల్లో సగం నాకు అర్థం కాకపోయినా మొహం అర్థమవుతుంది. రేపట్నుంచి వాళ్ల మార్కర్లు నేనే చూడాలట. తూము పోయిందన్న కోపం నా మీద చూపించనివాళ్లు కొందరు ఉన్నారు, చూపించేవాళ్లూ ఉన్నారు. అది పడాల్సిందే.

ఈ రోజువారీ రాత పందెం అయ్యాక అక్కర్లేదు. ఎవరికీ చెప్పలేక రాస్తున్నాను.

వల్లి రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు. పాలు తాగింది, అంతే. ఇవాళ మధ్యాహ్నం చెంచమ్మ జొన్న సంగటి పక్కన పెట్టి ప్రత్యేకంగా వరన్నం వండింది. పప్పు, నెయ్యి. మెత్తగా కలిపి ముద్ద చేసి వల్లి నోటి దగ్గర పెట్టాను. మూతి బిగించింది. బతిమాలాను. బుజ్జగించాను. చివరికి కోపమొచ్చి గద్దించాను కూడా. ఇది ఎవరి ముద్ద అని అడిగింది.

అమ్మ ముద్ద అన్నాను.

కాదని తల అడ్డంగా తిప్పింది. ఇంట్లో అమ్మమ్మ ముద్దముద్దకీ ఒక పేరు చెప్పి పెడుతుందట. మొదటిది రాజు మావ ముద్దట, అంటే మా పోతురాజుది. రోజూ మొదటిది మావదేనట. తరవాత అమ్మమ్మది, తరవాత కుక్కపిల్లది, తరవాత చందమామది. వేళ్లు మడిచి నాకు నేర్పింది, నేనే చిన్నపిల్లనైనట్టు. మరి అమ్మది ఎక్కడ అని అడిగాను.

“నీది ఆకర్న. బొజ్జ నిండిపోతే అది వదిలేయొచ్చంది అమ్మమ్మ.”

చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాను. చెంచమ్మ అటు తిరిగి పొయ్యిలో పుల్ల సర్దింది. నాకు ఆ అన్నం తీసుకెళ్లి వాగులో పారెయ్యాలనిపించింది. వల్లి మొహం వాడిపోయి ఉంది, పెదాలు ఎండిపోయాయి.

ఇది రాజు మావ ముద్ద అన్నాను. నోరు తెరిచి తినేసింది.